వస్తువును పట్టుకున్న చెయ్యి

తెలుగు విమర్శలో 'వస్తువు' అనే మాటకు ఒక వింత గతి పట్టింది. కథ గురించి మాట్లాడుకునేటప్పుడు వస్తువు అంటే ఇతివృత్తం. వస్తువు బలంగా ఉంది, శిల్పం కుదరలేదు అని ఎన్ని సమీక్షల్లో చదివామో, మనమే ఎన్నిసార్లు రాశామో! ఇంట్లో మాత్రం వస్తువు అంటే బిందె, చాట, గంజు, ఇసుర్రాయి, దండెం మీద ఆరేసిన చీర. ఈ రెండో అర్థానికి మన విమర్శలో చోటు తక్కువ. వచ్చినా రెండే వేషాల్లో వస్తుంది. ఒకటి వాతావరణం: 'రచయిత పల్లె జీవితాన్ని కళ్లకు కట్టారు' అనే వాక్యంలో చాటా రోలూ సర్దుకుపోతాయి. రెండోది ప్రతీక: దీపం ఆశకు, పంజరం బందీతనానికి, తులసికోట పాతివ్రత్యానికి. మొదటి వేషంలో వస్తువుకు అర్థమే ఉండదు. రెండో వేషంలో అర్థం తప్ప మరేమీ ఉండదు.

ఈ రెండింటి మధ్యా జారిపోయింది ఒకటుంది. అది వస్తువును పట్టుకున్న చెయ్యి. వాస్తవిక కథలో, నవలలో ఒక వస్తువు దేనికి ప్రతీక అని అడగడానికి ముందు దాన్ని ఎవరు కొన్నారు, ఎవరు ఎత్తారు, ఎవరు కడిగారు, దాని మీద ఎవరి పేరుంది అని అడగాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న మాట. చూడటానికి ఇది చదివే పద్ధతికి సంబంధించిన చిన్న సూచనలాగే ఉంటుంది. కానీ స్త్రీల శ్రమను, స్త్రీల ఆస్తిని సాహిత్యంలో మనం నిజంగా చూస్తున్నామా, లేక అందమైన పోలికగా మార్చి పక్కన పెడుతున్నామా అన్నది ఈ నాలుగు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంది.

వాస్తవికతలో వస్తువుల గురించి మాట్లాడేవాళ్లు తరచుగా తలుచుకునేది రోలా బార్త్ 1968లో రాసిన వ్యాసాన్ని. ఫ్లోబేర్ 1877లో ప్రచురించిన 'సరళ హృదయం' కథలో ఒక గది ఉంటుంది. అందులో పాత పియానో, దాని మీద పేర్చిన డబ్బాలు, గోడకు ఒక బారోమీటరు. పియానో ఆ ఇంటి హోదాను చెబుతుంది, డబ్బాలు ఆ ఇల్లు చెదిరిన తీరును చెబుతాయి, మరి బారోమీటరు ఏం చెబుతుంది అని బార్త్ ప్రశ్న. అది ఏ అర్థాన్నీ మోయదనీ, 'ఇది నిజం' అని మాత్రమే చెబుతుందనీ ఆయన జవాబు. గొప్ప పరిశీలనే. కానీ ఆ కథ ఎవరిది? ఏడాదికి వంద ఫ్రాంకుల జీతానికి వంట, కుట్టు, ఇంటి చాకిరీ అంతా చేసే ఫెలిసితే అనే పనిమనిషిది. ఆ బారోమీటరు మీద దుమ్ము పడితే తుడవాల్సింది ఆమే. అర్థం లేని వస్తువుగా అది కనిపించింది దూరం నుంచి చూసే కంటికి. తుడిచే చేతికి అది రోజూ చేయాల్సిన పనుల్లో ఒకటి.

నవోమీ షోర్ 1987లో సౌందర్యశాస్త్ర చరిత్రనంతా తిరగేసి, చిన్న చిన్న వివరాలను 'ఆడవాళ్ల వ్యవహారం'గా చూసి తక్కువ చేయడం ఎంత పాత అలవాటో చూపింది. అంతకు చాలా ముందే, 1917లో, సూసన్ గ్లాస్పెల్ అనే అమెరికన్ రచయిత్రి దాన్ని కథగానే రాసింది. ఒక రైతు హత్య జరుగుతుంది. భార్య మీద అనుమానం. కారణం వెతకడానికి వచ్చిన మగవాళ్లు వంటింటిని ఒకసారి చూసి, ఇక్కడేముంటుందని నవ్వి, మేడ మీదికీ కొట్టంలోకీ వెళతారు. వాళ్ల వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వంటింట్లోనే ఉండిపోయి పగిలిన ఊరగాయ సీసాలనూ, సగం తుడిచిన బల్లనూ, ఉన్నట్టుండి వంకర పోయిన బొంత కుట్టునూ చూస్తారు. కుట్టు ఎందుకు వంకర పోయిందో వాళ్లకు తెలుసు. ఎందుకంటే వాళ్లూ కుడతారు. ఆ వంకర కుట్టు ఆ ఇల్లాలి మనఃస్థితికి ప్రతీక అని మనం పరీక్షలో రాయవచ్చు. కానీ ఆ ఆడవాళ్లు దాన్ని ప్రతీకగా చదవలేదు, పనిగా చదివారు. అందుకే మగవాళ్లకు దొరకనిది వాళ్లకు దొరికింది.

మన స్త్రీవాద కథల్లో కూడా ఈ రెండు రకాల చదువుకూ తావిచ్చే కథలు ఉన్నాయి. అబ్బూరి ఛాయాదేవి 1974 నాటి 'బోన్సాయ్ బ్రతుకు' మనందరికీ కంఠతా వచ్చినంత పరిచయం. కుండీలో కురచగా పెంచిన చెట్టునూ స్త్రీ జీవితాన్నీ పక్కపక్కన పెట్టి చూపిన ఆ కథకు మన మీద ఉన్న ఋణం చిన్నది కాదు. అక్కడ వస్తువు ఎదురుగా ఉంటుంది. దాన్ని చూస్తాం, పోలుస్తాం, ఉలిక్కిపడతాం. పి. సత్యవతి 'ఇల్లలకగానే...' దారి వేరు. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది. వెతుక్కుంటూ పోతే చివరికి పాత స్నేహితురాలి దగ్గర అది దొరుకుతుంది. ఇక్కడ అలుకు గుడ్డ ఎదురుగా పెట్టుకుని చూసే వస్తువు కాదు, చేతిలో తడిగా ఉన్న వస్తువు. మరుపు ఆ చేతి కదలిక నుంచే పుట్టింది. ప్రతీక శ్రమలోంచి వచ్చింది కాబట్టే అది అంత బలంగా నిలబడింది.

హనుమకొండలో డిగ్రీ తరగతులకు కథ పాఠం చెబుతాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఊళ్ల నుంచీ తండాల నుంచీ వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే అమ్మాయిలే మా తరగతిలో ఎక్కువ. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు ఏర్పడిన జిల్లాలివి. సత్యవతి కథ మీద ప్రశ్న ఇస్తే అందరూ గైడులో ఉన్న జవాబే రాస్తారు: అలుకు గుడ్డ గృహిణి బానిసత్వానికి ప్రతీక. ఒక ఏడాది ఒక తండా అమ్మాయి అలా రాయలేదు. ఎందుకని అడిగితే లేచి నిలబడి, "మేడం, మా అమ్మ వేరేటోళ్ల ఇండ్లు తుడుస్తది. ఆ ఇండ్లల్ల ఆమె పేరు ఎవ్వరు అడగలే. మర్చిపోవాల్నంటె ముందుగాల ఎవరన్న పిలవాలె గద" అంది. తరగతంతా నిశ్శబ్దమైపోయింది. ఆ మాట సత్యవతి కథను తగ్గించలేదు. కథలో ఉన్న గుడ్డ సొంత ఇంటిని తుడిచే గుడ్డ అని, పరాయి ఇంటిని తుడిచే గుడ్డకు ఇంకో కథ రాయాల్సి ఉందని చెప్పింది. 'అలుకు గుడ్డ = బానిసత్వం' అనే సమీకరణం ఈ రెండు గుడ్డలనూ ఒకటి చేసి పారేస్తుంది.

అప్పటి నుంచి ఈ మూడు జిల్లాలకు సంబంధించిన సాహిత్యాన్ని వస్తువుల వైపు నుంచి చదవడం మొదలుపెట్టాను. ముందుగా జనగామ. హైదరాబాదు నుంచి వరంగల్ వచ్చే దారిలో పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నగిషీకి పేరుపొందిన ఊరు. 2010లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేవుడి వాహనాల తొడుగుల మీదా, జ్ఞాపికల మీదా చెక్కిన పనికి గుర్తింపు రావాల్సిందే. అయితే ఇదే ప్రాంతంలో ఇంటింటా ఇంకో చెక్కుడు ఉంది. బిందె మెడ మీద, గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. పెళ్లిలో ఇచ్చిన సామాన్ల మీద ఇచ్చినవాళ్ల పేరో, ఇంటి యజమాని పేరో ఉంటుంది. ఆ గిన్నెను జీవితమంతా తోమే మనిషి పేరు ఉండటం అరుదు. 'ఇల్లలకగానే...' చదివినప్పుడల్లా నాకు ఈ గిన్నెలే గుర్తొస్తాయి. పేరు మరిచిపోయిన మనిషి చుట్టూ పేర్లున్న గిన్నెలు.

మన కథల్లో సారె సామాను వచ్చినప్పుడు దాన్ని పుట్టింటి ప్రేమకు గుర్తుగా చదవడం రివాజు. ప్రేమ ఉండవచ్చు. కానీ పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది 1986లో, దేశమంతటికీ వచ్చింది 2005లో. అంతకు ముందు రాసిన కథల్లో కొడుకులకు పొలం, కూతురికి బిందెలు. ఆ బిందె ప్రేమకు ప్రతీక కావడానికి ముందు ఆస్తి పంపకం. ఆమె వంతు అంతే. చట్టం వచ్చాక రాసిన కథల్లోనూ అన్నదమ్ములతో మాట పోతుందని సంతకం పెట్టి బిందెతోనే వచ్చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. అలాంటి కథలో బిందెను తాకట్టు పెట్టే సన్నివేశం వస్తే 'కుటుంబ గౌరవం మంటగలిసింది' అని వ్యాఖ్యానించి వదిలేయకూడదు. ఆమెకున్న ఒకే ఒక్క ఆస్తి పోయింది అని ముందు రాయాలి.

జనగామ అనగానే తెలంగాణ సాయుధ పోరాటం గుర్తొస్తుంది. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య చనిపోయిన కడవెండి, చిట్యాల ఐలమ్మ పాలకుర్తి, దేశ్‌ముఖ్ విస్నూరు అన్నీ ఇక్కడివే. పాలకుర్తి దగ్గరి వావిలాలలో పుట్టిన అంపశయ్య నవీన్ ఆ కాలాన్ని 'కాలరేఖలు'లో నమోదు చేశారు. దానికి 2004లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ పోరాటం మీద వచ్చిన నవలలన్నిటినీ కలిపి చూస్తే ప్రతీకలుగా నిలిచిపోయిన వస్తువులు కొన్నే: ఎర్రజెండా, గుత్ప, కొడవలి, బందూకు. సంఘాన్ని జనం గుత్పల సంఘం అనే పిలిచారు కాబట్టి గుత్ప ప్రతీక కావడం సహజమే. కానీ 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే పోరాటంలోని వస్తువుల జాబితా మారిపోతుంది. దళాలకు వండిపెట్టిన స్త్రీలు, కబుర్లు చేరవేసిన స్త్రీలు, అడవిలో పిల్లల్ని సాకలేక తల్లడిల్లిన స్త్రీలు మాట్లాడిన పుస్తకం అది. ఐలమ్మ కూడా అందులో మాట్లాడింది. ఆ మాటల వెలుగులో చూస్తే అన్నం గంజుకూ బందూకుకూ మధ్య ఉన్న దూరం తగ్గిపోతుంది. ఒకటి లేకుండా రెండోది ఒక్క రోజు నడవదు.

ఐలమ్మ విషయంలో ఇది మరీ స్పష్టం. ఆమె కౌలుకు చేసిన పొలంలో పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం అడ్డుకుంది. వడ్లు ఆమె ఇంటికి చేరాయి. ఈ వడ్లను మనం తిరుగుబాటుకు ప్రతీక అంటాం. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషం. అయితే పేరు పైకి వెళ్లిన కొద్దీ కింద మిగిలిపోయే వస్తువులు ఉంటాయి. ఊరందరి బట్టలు ఉడకబెట్టే బాన, ఉతికే రేవు బండ, వెట్టికి మోసిన మూటలు. బట్టలు ఉతికే కులంలో పుట్టిన ఆడమనిషి 'నా పంట' అనడంలోని తెగువ, ఆ బాననూ బండనూ పక్కన పెట్టి చూస్తేనే పూర్తిగా అర్థమవుతుంది. వడ్లు ముందు వడ్లు. దంచితే బియ్యం, వండితే అన్నం. ప్రతీక ఆ తరవాత.

మహబూబాబాద్ వైపు వస్తే వస్తువు ప్రశ్న ఇంకా కటువుగా మారుతుంది. ఇప్పటి ఆ జిల్లాలోని చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 1969లో 'చిల్లర దేవుళ్లు' రాశారు. గడి లోపలి బతుకును, ముఖ్యంగా ఆడబాపల బతుకును తెలుగు నవలలోకి అంత సూటిగా తెచ్చినవాళ్లు తక్కువ. దొరల ఇంటి పెళ్లికూతురితో పాటు సారెలో భాగంగా అత్తింటికి పంపే దాసి ఆడబాప. అంటే బిందెలు, మంచాలు, పెట్టెలతో పాటు ఒక మనిషి. ఆ సారె జాబితాలో మనిషికీ వస్తువుకూ తేడా లేదు. గడి నవలల్లో గడిని భూస్వామ్యానికి ప్రతీకగా, ఆడబాపను ఆ వ్యవస్థ క్రూరత్వానికి ప్రతీకగా చదివే విమర్శ మనకు బోలెడు ఉంది. నాకు ఇబ్బంది కలిగేది ఇక్కడే. సారెలో వస్తువుగా వచ్చిన మనిషిని విమర్శకులమైన మనం మళ్లీ 'ప్రతీక' అనే వస్తువుగా వాడుకుంటున్నాం. గడిలో ఆమె దేన్ని మోసింది, ఎవరి మంచం పరిచింది, ఏ తలుపు తియ్యడానికి ఆమెకు అనుమతి ఉంది, ఏ తలుపు వేసుకునే హక్కు లేదు అని అడిగినప్పుడే ఆమె మళ్లీ మనిషి అవుతుంది. రంగాచార్య వాస్తవికతకు ఈ ప్రశ్నల్ని తట్టుకునే శక్తి ఉంది. మన పాఠాలకే లేదు.

ఇదే జిల్లా తండాల్లోని లంబాడా స్త్రీల అద్దాల రవికె, చేతి నిండా గాజులు ప్రధాన స్రవంతి కథల్లోకి రంగు కోసం వచ్చాయి. సంతలో మెరుపులా ఒక బంజారా యువతి నడిచిపోతుంది, అద్దాలు ఎండకు తళుక్కుమంటాయి, కథ ముందుకు పోతుంది. ఆ అద్దాల్ని కుట్టింది ఎవరు, ఎన్ని రాత్రుళ్లు కూర్చుని కుట్టింది, భర్త చనిపోతే మోచేతి పై గాజులు తీసేయాల్సి వచ్చిన రోజు ఆమెకు ఏమనిపించింది అనే వైపు కథ పోలేదు. ఆ అద్దాల్లో కనిపించింది చూసేవాడి ముఖమే. తండాలో పుట్టిన రచయితలు ఇప్పుడిప్పుడే కథను తమ చేతుల్లోకి తీసుకుంటున్నారు. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మా తరగతిలోని మానుకోట తండాల అమ్మాయిలు రాసే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను. రవికె కుట్టే చెయ్యి, కథ రాసే చెయ్యి ఒకటే అయినప్పుడు అద్దం ఏం చూపిస్తుందో చూడాలి.

భూపాలపల్లి దగ్గర రెండు వస్తువులు నన్ను ఆపాయి. ఒకటి బొగ్గుగని డ్యూటీ బట్టలు. కాకతీయ ఖనులు వచ్చాక ఆ ఊరి రోజు మూడు షిఫ్టులైంది. సింగరేణి కథల్లో గనిలోకి దిగే మనిషి, టోపీ లైటు, కూలే పైకప్పు, సమ్మె ఉంటాయి. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి దూరంగా ఉంచింది. 2019లో కేంద్రం షరతులతో అనుమతించేదాకా అదే పరిస్థితి. కాబట్టి గని కథ మగవాడి కథ కావడం సహజమని అనుకుంటాం. మరి ఆ నల్లటి బట్టల్ని నానబెట్టి, బండకేసి బాది, మసి వదిలించి, మళ్లీ షిఫ్టుకు ఆరబెట్టే చేతులో? ఏ షిఫ్టుకు ఆ షిఫ్టు సద్ది కట్టే చేతులో? జోలా 1885 నాటి 'జెర్మినాల్'లో గని కార్మికుల ఇంట్లో తెల్లవారుజామున కాఫీ పొడి అయిపోతే నిన్నటి పిప్పి మీదే వేడినీళ్లు పోసి కాస్తారు. ఆ ఒక్క పనిలో కూలి రేట్ల చరిత్రంతా ఉంది. కార్మిక కథ గని ముఖద్వారం దగ్గర మొదలవదు, వంటింట్లో మొదలవుతుందని జోలాకు తెలుసు.

రెండో వస్తువు కొంగు. రేగొండ ప్రాంతంలో పుట్టిన జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవిత మన సాహిత్య చర్చను మలుపు తిప్పింది. నేను కథల గురించి మాట్లాడుతున్నాను, అది కవిత. అయినా ఈ వాదాన్ని ఇంత తేటగా చెప్పిన రచన మరొకటి లేదు కాబట్టి దాన్ని దాటిపోలేను. అంతకు ముందు, 1980ల్లో, జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అన్నప్పుడు సాహిత్యలోకం అదిరిపడింది. ఆడదాని ఛాతీ మీద సిగ్గును కాపలా పెట్టిన గుడ్డను కాల్చాలనడం ఆనాటికి పెద్ద ధిక్కారం. సుభద్ర వచ్చి తన కొంగుకు ఆ కాపలా పని లేదంది. పొలంలో, రోడ్డు మీద, పరాయి వాకిళ్లలో పనిచేసే దళిత స్త్రీకి కొంగు చెమట తుడుచుకునే గుడ్డ, మూట కట్టే బట్ట, తలకు చుట్టబట్ట. దాన్ని కాలిస్తే ఒక పనిముట్టు పోతుంది. ఒకే ఐదు మూరల గుడ్డ. ఒక చోట దాని పేరు పైట, ఇంకో చోట కొంగు. ఒక్కరు తప్పు, ఇంకొకరు ఒప్పు అని తీర్పు చెప్పాల్సిన సందర్భం కాదిది. ఇద్దరూ తమ చేతికి తగిలినదే రాశారు. తప్పు చేసింది, ఆ గుడ్డకు అందరి ఒంటి మీదా ఒకటే అర్థం ఉంటుందనుకున్న మన విమర్శ. సుభద్ర, గోగు శ్యామల కలిసి 2006లో తెచ్చిన 'నల్లరేగటి సాల్లు' కథలను ఈ వెలుగులో మళ్లీ చదవమని నా విద్యార్థినులకు చెబుతుంటాను.

ఇలా చదివితే సాహిత్యం సామాన్ల పట్టీ అయిపోదా అని ఒక సహాధ్యాపకురాలు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. రచయిత్రి ఊహకు, పాఠకురాలి ఊహకు చోటు కావాలి. ప్రతీక వద్దని నేను అనడం లేదు. ఎలేన్ ఫ్రీడ్‌గుడ్ 2006లో 'జేన్ ఐర్' నవలలోని మహాగనీ బల్లల్ని ముందు బల్లలుగానే చదివింది. ఆ కలప ఎక్కడి అడవి నుంచి, ఏ బానిసల శ్రమతో వచ్చిందో వెతికింది. దానివల్ల నవల చిన్నది కాలేదు. జేన్‌కు వచ్చిన ఆస్తి ఎక్కడిదో తెలిసి ఆ నవల మరింత బరువెక్కింది. వస్తువును దాని చరిత్రతో చదివాక మిగిలే ప్రతీక గట్టిది. చరిత్ర లేకుండా పుట్టే ప్రతీక పరీక్ష జవాబుకు మాత్రమే పనికొస్తుంది.

ఇంకో ప్రమాదం ఉంది. అది ఈమధ్య పెరిగింది కూడా. రోలు, రోకలి, ఇసుర్రాయి ఇప్పుడు హోటళ్ల ముందు గదుల్లో, పెళ్లి మండపాల్లో అలంకారాలయ్యాయి. మన సంస్కృతికి చిహ్నాలని పక్కన పలక కూడా పెడుతున్నారు. కథల్లోనూ అదే ధోరణి: అమ్మమ్మ ఇసుర్రాయి పాట, అమ్మ చేతి రోటి పచ్చడి. ఆ పాటలు గొప్పవే. కానీ తెల్లవారకముందే లేచి జొన్నలు విసిరిన భుజాలకు పిండిమర వచ్చిన రోజు పండగ. కూరాటి కుండను చూడండి. బియ్యం కడిగిన నీళ్లు పులిసి కలి అయ్యే ఆ కుండను మన ఇళ్లలో లక్ష్మిగా కొలిచారు. ఆ పవిత్రతను ఇచ్చింది ఏ రచయితా కాదు, రోజూ ఆ కుండను ముట్టుకున్న స్త్రీలే. పారబోయాల్సిన నీళ్లను కూడా కడుపు నింపేదిగా మార్చుకున్న పేదరికమూ నేర్పూ ఆ పూజలో ఉన్నాయి. పేదరికాన్నీ నేర్పునూ వదిలేసి పూజను మాత్రమే రాస్తే అది వాస్తవికత కాదు, హోటల్ ముందు పెట్టిన రోలు.

మనలో రాసేవాళ్లూ ఉన్నాం, పాఠం చెప్పేవాళ్లూ ఉన్నాం. రాసేవాళ్లు కథలోకి ఒక బిందెను తెచ్చినప్పుడు అది నిండుగా ఉందో ఖాళీగా ఉందో, ఎంత దూరం నుంచి వచ్చిందో, ఏ చంక మీద వచ్చిందో తెలుసుకుని తెస్తే చాలు. దానికి అర్థం చెప్పాల్సిన అవసరం రాదు. పాఠం చెప్పేవాళ్లం ప్రశ్నపత్రాల్లో 'కథలోని ప్రతీకలను వివరించండి' అనే వాక్యాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, 'కథలోని ఒక వస్తువును ఎవరెవరు ముట్టుకున్నారో, ఎందుకు ముట్టుకున్నారో రాయండి' అని అడిగి చూద్దాం. జవాబు గైడులో దొరకదు. ఇళ్లు తుడిచే తల్లులున్న అమ్మాయిలకు ఆ జవాబు మనకంటే బాగా తెలుసు. వాళ్లు రాసిన పేపరుకు మార్కులు వేయడం మనం నేర్చుకోవాలి.